వీధి అందరిది

నాగమ్మది చిన్న పట్నం. ఆమె ఇల్లు ఒక ఇరుకు సందులో ఉంది. పాత పెంకుటిల్లు. మట్టి గోడలు. వానలకు పడమటి గోడ ఉబ్బింది. నేడో రేపో కూలేలా ఉంది. నాగమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. పాత గోడ దించి, ఇటుక గోడ కట్టించాలనుకుంది.

మేస్త్రీ వచ్చి చూశాడు.

"అక్కా, ఒక్క పూటలో గోడ దించేస్తాం. మట్టీ పెంకులూ సందులో పోసేస్తాం. తీరిక చూసుకుని ఎత్తించుకో" అన్నాడు.

నాగమ్మ ఒప్పుకోలేదు. దానికి కారణం ఉంది.

పోయిన ఏడు ఆ సందులోనే ఒకరు ఇల్లు పడగొట్టారు. మట్టి అంతా సందులో పోశారు. పది రోజులైనా తియ్యలేదు. వాన పడింది. మట్టి జారి సైడు కాలవ పూడింది. మురుగు నీళ్ళు జయమ్మ వంటింట్లోకి వచ్చాయి.

ఆ వారంలోనే ఒక అర్ధరాత్రి జయమ్మ కూతురికి నొప్పులు వచ్చాయి. ఆటో సందు మొదట్లోనే ఆగిపోయింది. నిండు చూలాలు మట్టి గుట్ట ఎక్కి దిగింది. ఒక పక్క జయమ్మ పట్టుకుంది. ఇంకో పక్క నాగమ్మ పట్టుకుంది. రోడ్డు చేరేలోపే ఉమ్మనీరు పోయింది. తల్లీ బిడ్డా దక్కారు. కానీ ఆ రాత్రిని నాగమ్మ మరచిపోలేదు.

"సందులో పొయ్యొద్దు తమ్ముడూ. ట్రాక్టరు ట్రక్కు అద్దెకు తీసుకుందాం. డ్రైవరు ట్రక్కును ఇక్కడ విప్పి వెళ్తాడు. తవ్విన మట్టి తవ్వినట్టే అందులో వేద్దాం. నిండాక వచ్చి లాక్కెళ్తాడు" అంది.

"సరే అక్కా. మన గుమ్మం ముందే పెట్టిద్దాం."

"గుమ్మం మనది. సందు మనది కాదుగా. ముందు మునిసిపల్ ఆఫీసులో అడుగుతాను" అంది నాగమ్మ.

ఆఫీసులో

వీధి ఊరందరిది. దాన్ని చూసుకునే పని పురపాలక సంఘానిది. ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టం 1965లో వచ్చింది. వీధిలో అడ్డంగా ఏమైనా పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలి.

నాగమ్మ రాత్రి కూర్చుని అర్జీ రాసింది. అదే అర్జీని ఇంకో కాగితం మీద కూడా రాసింది. రెండూ పట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది.

గుమాస్తా అర్జీ చదివాడు.

"రెండు రోజులేగా అమ్మా. పెట్టుకోండి. దీనికి కాగితం ఎందుకు?" అన్నాడు.

"బాబూ, మీరు చెప్పిన మాట మీకూ నాకూ తెలుసు. రేపు ఎవరైనా అడిగితే మాటను చూపించలేను కదా. కాగితమైతే చూపిస్తాను" అంది నాగమ్మ.

గుమాస్తా నవ్వి అర్జీ తీసుకున్నాడు. రెండో కాగితం మీద ముద్ర వేశాడు. తేదీ, నంబరు వేసి ఇచ్చాడు. ఆ కాగితాన్ని నకలు అంటారు. అర్జీ ఇచ్చినట్టు అదే రుజువు.

ఏడాది కిందట ఇదే ఆఫీసులో నాగమ్మ వేలిముద్ర వేసింది. ఈసారి సంతకం పెట్టింది.

టేపు పెట్టి కొలిస్తే

మర్నాడు ఆఫీసు నుంచి శానిటరీ ఇన్స్పెక్టరు వచ్చాడు. టేపు తీసి సందు కొలిచాడు. సందు వెడల్పు 10 అడుగులు. ట్రక్కు వెడల్పు 6 అడుగులు. మిగిలేది 4 అడుగులు.

"ఆటో పట్టాలంటే నాలుగున్నర అడుగులైనా కావాలమ్మా. ఇక్కడ పెడితే సందు మూసుకుపోతుంది" అన్నాడు.

నాగమ్మ గుండె జల్లుమంది. మట్టి సందులో పొయ్యకూడదని అనుకుంది. కానీ ట్రక్కు కూడా అంతే అడ్డమని తోచలేదు. అడగకుండా పెట్టి ఉంటే? మళ్ళీ అలాంటి రాత్రి వస్తే?

సందు మలుపులో వీధి కొళాయి ఉంది. దాని పక్కన ఖాళీ స్థలం ఉంది. ఇన్స్పెక్టరు ఆ చోటు చూపించాడు. కాలవ మీద చక్రం ఎక్కకూడదని చెప్పాడు.

"అక్కడికి తట్టలతో మొయ్యాలంటే కూలి పెరుగుతుందక్కా" అన్నాడు మేస్త్రీ. నిజమే. ఒక మనిషి కూలి పెరిగింది. నాగమ్మ ఆలోచించి ఒప్పుకుంది.

ఆఫీసులో అడిగిన రుసుము కట్టింది. రశీదు తీసుకుంది. అనుమతి కాగితం మీద చోటు, రెండు తేదీలు రాసి ఉన్నాయి. చదువుకుని చూసుకుంది. అప్పుడే ట్రక్కుకు బయానా ఇచ్చింది.

ఆ రెండు రోజులు

ట్రక్కు వచ్చింది. నాగమ్మ నాలుగు పక్కలా తాడు కట్టించింది. తాడుకు ఎర్ర గుడ్డలు కట్టింది. రాత్రికి ఛార్జింగు లైటు పెట్టింది. దడి, దీపం ఎందుకు? చీకట్లో సైకిలు మీద వచ్చేవాళ్ళు గుద్దుకోకుండా. పిల్లలు దాని కిందికి దూరకుండా.

అన్నీ ట్రక్కులో వెయ్యలేదు. పగలని పెంకులు ఒక పక్కన పేర్చారు. మంచి వాసాలు దాచారు. ఇటుక ముక్కలు కొత్త అరుగు కింద నింపారు. అలా ట్రక్కులో బరువు తగ్గింది. రెండో విడత బాడుగ తప్పింది. కూలి పెరిగినందుకు అక్కడ కలిసి వచ్చింది.

వంటింటి పైన పాత సిమెంటు రేకు ఒకటి ఉంది. కూలివాడు గునపంతో పగలగొట్టబోయాడు. మేస్త్రీ ఆపాడు. పాత సిమెంటు రేకుల్లో రాతినార ఉంటుంది. పగిలితే సన్నని పొడి లేస్తుంది. అది ఊపిరితిత్తులకు చేటు. రేకును నీళ్ళతో తడిపి, పగలకుండా దించారు. విడిగా పెట్టి ఆఫీసులో చెప్పారు.

రెండో రోజు సాయంత్రం ఒకతను బండి మీద వచ్చాడు.

"రోడ్డు మీద ట్రక్కు ఎవరు పెట్టమన్నారు? 500 కట్టండి" అన్నాడు.

నాగమ్మ అనుమతి కాగితం తెచ్చింది. తారీఖు మీద వేలు పెట్టి చూపించింది.

"రుసుము కట్టేశాను. ఇదిగో రశీదు. ఇంకా కట్టాలంటే మీరూ రశీదు ఇవ్వండి" అంది.

అతను కాగితం చూశాడు. మాట్లాడకుండా బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మట్టి ఎక్కడికి పోవాలి?

ట్రక్కు మీద పట్టా కప్పారు. దారిలో మట్టి పడకుండా చూసుకున్నారు. మునిసిపాలిటీ చూపించిన చోటనే దింపారు. చెరువులో పొయ్యకూడదు. కాలవ గట్టున పొయ్యకూడదు. చెరువు పూడితే నీళ్ళు ఊళ్ళోకే వస్తాయి.

ఇళ్ళు పడగొట్టిన మట్టిని రోడ్ల మీద, కాలవల్లో వెయ్యకూడదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు చేసింది. వాటి స్థానంలో 2025లో కొత్త నియమాలు ప్రకటించింది. హైదరాబాదులో జీడిమెట్ల దగ్గర 2020లో ఒక కేంద్రం పెట్టారు. పడగొట్టిన గోడల ముక్కలను అక్కడ నలగ్గొట్టి ఇసుక, కంకర తీస్తారు. కూలిన గోడ కూడా మళ్ళీ పనికి వస్తుందన్నమాట.

మూడో రోజు నాగమ్మ కొళాయి పక్కన చోటంతా ఊడ్చింది. జయమ్మ వచ్చి నిలబడింది.

"వదినా, వచ్చే నెల మా వంటిల్లు బాగు చేయిస్తాం. ఆ అర్జీ ఒకసారి ఇస్తావా? చూసి రాసుకుంటాను" అంది.

నాగమ్మ నకలు ఇచ్చింది. ఆ అర్జీ ఇదే.

కమీషనరు గారికి,
పురపాలక సంఘం.

విషయం: ట్రక్కు నిలపడానికి అనుమతి కోసం.

అయ్యా,
మా ఇంటి గోడ పాడైంది. దాన్ని దించి కొత్త గోడ కట్టిస్తున్నాం. మట్టి ఎత్తడానికి ట్రాక్టరు ట్రక్కు అద్దెకు తీసుకుంటున్నాం. దాన్ని రెండు రోజులు వీధిలో నిలపాలి. దయచేసి చోటు చూసి, అనుమతి కాగితం ఇప్పించండి. మట్టి ఎక్కడ దింపాలో కూడా తెలపండి.

నిలిపే తేదీలు: ............
ఇంటి నంబరు, వీధి: ............
తేది: ............
సంతకం: ............

గుర్తుంచుకోండి

1. పల్లెలో అయితే అర్జీ పంచాయతీ కార్యదర్శికి ఇవ్వాలి.
2. పని మొదలు పెట్టకముందే అడగాలి. అనుమతి వచ్చాకే ట్రక్కుకు బయానా ఇవ్వాలి.
3. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి.
4. రుసుము అన్ని ఊళ్ళలో ఒకటిగా ఉండదు. ఎంతో ఆఫీసులోనే అడగాలి. రశీదు లేకుండా డబ్బు కట్టకూడదు.
5. పని ఆలస్యమైతే గడువు తీరకముందే మళ్ళీ అడగాలి.
6. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. అది 2005లో వచ్చింది. మన అర్జీ ఏమైందో దాని కింద అడగవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

చదివి చెప్పండి

1. మట్టి సందులో పొయ్యడానికి నాగమ్మ ఎందుకు ఒప్పుకోలేదు?
2. ఇన్స్పెక్టరు ట్రక్కును గుమ్మం ముందు ఎందుకు వద్దన్నాడు?
3. బండి మీద వచ్చినతను ఎందుకు వెళ్ళిపోయాడు?

లెక్క చెయ్యండి

మీ సందు వెడల్పు 12 అడుగులు. ట్రక్కు వెడల్పు 6 అడుగులు. ఎన్ని అడుగులు మిగులుతాయి? ఆటో పడుతుందా?

రాయండి

పైన ఉన్న అర్జీని మీ పేరుతో రాయండి. మీ ఇంటి నంబరు, మీ వీధి పేరు రాయండి. కింద సంతకం పెట్టండి.