చంద్రగ్రహణములు: భేదములు, ఆవృత్తులు

చంద్రగ్రహణము సంభవించునని పంచాంగము తెలిపినపుడు వైష్ణవ గృహములందు మూడు ప్రశ్నలు పుట్టుచుండును. ఈ గ్రహణము మన ప్రాంతమున కనబడునా? స్పర్శ ఎప్పుడు, మోక్షమెప్పుడు? స్వామి దర్శనమునకు కొండకు పోవలసినవారు ఆనాడు బయలుదేరవచ్చునా, కూడదా? ఈ ప్రశ్నలకు పంచాంగకర్త లిచ్చు సమాధానము ఊహ వలన పుట్టినది కాదు. సూర్యచంద్రుల గతులను తరతరములుగా పరిశీలించి గణించిన ఫలమది. అయినను పురాణము చెప్పినది వేరు, గణితము చెప్పినది వేరు అని కలత చెందువారు లేకపోలేదు. గ్రహణముల స్వరూపమును, భేదములను, అవి మరల మరల వచ్చు క్రమమును తెలిసికొన్నచో ఈ కలతకు తావుండదు. ఆచరణమున భయమును తగ్గి శ్రద్ధ పెరుగును.

పురాణ దృష్టి

శ్రీమద్భాగవతము అష్టమ స్కంధమందలి క్షీరసాగరమథన వృత్తాంతము తెలుగువారికి పోతనామాత్యుని వలన సుపరిచితము. మోహినీ రూపుడైన శ్రీహరి దేవతలకు అమృతము పంచుచుండగా రాహువు దేవతా వేషమున ఆ పంక్తిలో కూర్చుండెను. సూర్యచంద్రులు ఆ సంగతి తెలుపగా భగవానుడు చక్రముతో అతని శిరస్సును ఖండించెను. అప్పటికే అమృతము సోకిన శిరస్సు నశింపక గ్రహత్వము పొందెను. ఆ వైరము వలన రాహువు పర్వదినములందు సూర్యచంద్రులపైకి పరువెత్తుచుండునని పురాణము చెప్పుచున్నది.

పంచమ స్కంధమున ఇంకొక విశేషము కలదు. సూర్యచంద్రుల రక్షణమునకై భగవానుడు సుదర్శనమును నియమించెను. దాని తేజస్సును సహింపజాలక రాహువు ముహూర్తకాలము మాత్రము ఎదుట నిలిచి, భీతుడై మరలిపోవును. ఆ కొద్దిపాటి నిలుకడనే లోకులు ఉపరాగ మందురు. భక్తుడు గుర్తింపవలసిన దిదియే: గ్రహణమునకు ఒక హద్దు కలదు, మోక్షము నిశ్చయము. ఆ హద్దును నియమించినవాడు శ్రీహరి.

సిద్ధాంత దృష్టి

ఆర్యభటుడు 499వ సంవత్సరమునకు సంబంధించిన ఆర్యభటీయమున గ్రహణ కారణమును స్పష్టముగా చెప్పెను. సూర్యగ్రహణమున చంద్రుడు సూర్యుని కప్పును, చంద్రగ్రహణమున భూమి నీడ చంద్రుని కప్పును. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహిత యందలి రాహుచారాధ్యాయమున ఇదే సిద్ధాంతమును స్థాపించి, కంటికి కనబడు సాక్ష్యమును చూపెను. చంద్రుడు పడమరనుండి తూర్పునకు చలించుచు భూచ్ఛాయలో ప్రవేశించును గనుక చంద్రగ్రహణము చంద్రబింబపు తూర్పు అంచున మొదలగును. సూర్యగ్రహణమున చంద్రుడే కప్పువాడు గనుక అది పడమటి అంచున మొదలగును.

ఇంత చెప్పియు వరాహమిహిరుడు పురాణమును త్రోసివేయలేదు. గ్రహణకాలమున జనులిచ్చు దానములందును హోమములందును భాగము పొంది తృప్తుడవగుదువని బ్రహ్మ రాహువునకు వరమిచ్చెననియు, అందువలన ఆ సమయమున రాహువు సన్నిధి కలుగుననియు చెప్పి శ్రుతిస్మృతి సంప్రదాయమును గణితముతో సమన్వయించెను. జ్యోతిష శాస్త్రమున చంద్రమార్గము సూర్యమార్గమును ఖండించు రెండు బిందువులకు రాహుకేతువులని పేరు. ఈ బిందువులనే పాతములందురు. రాహువు సమీపమున లేనిదే గ్రహణము లేదను మాట ఈ విధముగ గణితమునకును సత్యమే. పండ్రెండవ శతాబ్దియందు మల్లికార్జునసూరి సూర్యసిద్ధాంతమునకు తెలుగున వ్యాఖ్య రచించుట వలన ఈ విద్య తెలుగు నాటను వ్యాపించి యుండెనని తెలియుచున్నది.

ప్రతి పూర్ణిమకు గ్రహణమేల రాదు?

పూర్ణిమనాడు సూర్యునకును చంద్రునకును నడుమ భూమి యుండును. అట్లయిన ప్రతి పూర్ణిమకును గ్రహణము రావలెను గదా? చంద్రుని మార్గము సూర్యమార్గమునకు సుమారు 5 భాగలు వాలియున్నది. అందుచే చంద్రుడు సామాన్యముగా భూచ్ఛాయకు పైగనో దిగువగనో దాటిపోవును. పూర్ణిమాకాలమున చంద్రుడు రాహువునకో కేతువునకో ఇంచుమించు 12 భాగల లోపల నున్నపుడే దట్టమైన నీడ తగులును.

రాహుకేతువులును స్థిరములు కావు. అవి వెనుకకు జరుగుచు ఒక చుట్టు తిరిగి వచ్చుటకు సుమారు 18 సంవత్సరముల 7 మాసములు పట్టును. సూర్యసిద్ధాంతము 43,20,000 సంవత్సరముల మహాయుగమునకు పాతభగణములు 2,32,238 అని చెప్పినది. దానిని భాగించి చూచిన ఒక చుట్టుకు 6,794 దినములు వచ్చును. నేటి యంత్రములతో కొలిచిన కాలమునకును దీనికిని భేదము స్వల్పము.

గ్రహణ భేదములు

భూమి నీడ రెండు విధములు. నడుమనున్నది సూర్యకాంతి నేరుగా ఏమాత్రము చొరని దట్టపు నీడ. దీనిని ప్రచ్ఛాయ యందురు. దాని చుట్టునున్నది సూర్యకాంతి కొంత తగులుచుండు పలుచని నీడ. ఇది ఉపచ్ఛాయ. చంద్రుడున్న దూరమున ప్రచ్ఛాయ వెడల్పు చంద్రబింబమునకు సుమారు 2.7 రెట్లు. దీనినిబట్టి చంద్రగ్రహణములు మూడు తెగలు.

మొదటిది ఉపచ్ఛాయా గ్రహణము. చంద్రుడు పలుచని నీడలో మాత్రమే సంచరించును. వెన్నెల కొంచెము మందగించును గాని బింబము విరిగినట్లు కనబడదు. 2020వ సంవత్సరమున వచ్చిన నాలుగు చంద్రగ్రహణములును ఈ తెగవే.

రెండవది ఖండగ్రహణము. బింబమున కొంత భాగము మాత్రమే దట్టపు నీడలో పడును. 2017 ఆగస్టు 7వ తేదీ రాత్రి మన దేశమున కనబడిన గ్రహణమున బింబమునందు నాలుగవ వంతు ప్రాంతము మాత్రమే గ్రస్తమయ్యెను.

మూడవది సంపూర్ణ గ్రహణము. బింబమంతయు దట్టపు నీడలో మునుగును. అప్పుడును చంద్రుడు అదృశ్యుడు కాడు. భూమి చుట్టునున్న వాయుమండలము గుండ వంగి వచ్చు ఎఱ్ఱని కాంతి సోకుటచే రాగివన్నె తాల్చును. ప్రాచీనులు ఈ వర్ణములను గమనించియే యుండిరి. గ్రహణము అల్పమైన ధూమ్రవర్ణమనియు, సగము మించిన కృష్ణవర్ణమనియు, సంపూర్ణమైన కపిలవర్ణమనియు సిద్ధాంత గ్రంథములు చెప్పుచున్నవి.

బృహత్సంహిత గ్రహణ రూపములను పదిగా విభజించినది. సవ్యము, అపసవ్యము, లేహము, గ్రసనము, నిరోధము, అవమర్దనము, ఆరోహము, ఆఘ్రాతము, మధ్యతమము, తమోంత్యము అని వాని పేర్లు. నాలుకతో నాకినట్లు చీకటి కనబడుట లేహము. బింబమంతయు కప్పబడి చిరకాలము నిలుచుట అవమర్దనము. ఊపిరి తగిలిన అద్దమువలె మసకబారుట ఆఘ్రాతము.

సంపూర్ణ గ్రహణమునకు ఐదు ఘట్టములు: స్పర్శము, నిమీలనము, మధ్యము, ఉన్మీలనము, మోక్షము. 2025 సెప్టెంబరు 7, భాద్రపద పూర్ణిమ నాటి గ్రహణమున స్పర్శము రాత్రి 9.57కు, నిమీలనము 11.01కి, మధ్యము 11.42కు, ఉన్మీలనము అర్ధరాత్రి దాటిన పిమ్మట 12.23కు, మోక్షము 1.26కు జరిగెను. బింబము పూర్తిగా మునిగియున్న కాలము 82 నిమిషములు. ఈ కాలము ఏ గ్రహణమునను సుమారు 107 నిమిషములను మించదు.

చంద్రుడు గ్రహణముతోనే ఉదయించుట గ్రస్తోదయము, గ్రహణముతోనే అస్తమించుట గ్రస్తాస్తము. 2026 మార్చి 3, ఫాల్గుణ పూర్ణిమ నాటి గ్రహణము తెలుగు దేశమున గ్రస్తోదయమునకు ఉదాహరణము. అందు స్పర్శము పగటివేళ, మోక్షము సాయంకాలము 6.47కు.

గ్రహణముల ఆవృత్తి

గ్రహణములు వచ్చు క్రమమున మూడు ఆవృత్తులు ముఖ్యమైనవి.

మొదటిది ఆరు మాసముల ఆవృత్తి. సూర్యుడు ఒక పాతమునుండి రెండవ పాతమునకు చేరుటకు సుమారు 173 దినములు పట్టును. ఆరు చాంద్రమాసములకు 177 దినములు. ఈ రెండును దగ్గర దగ్గరగ నుండుటచే ఒక గ్రహణము వచ్చిన ఆరవ పూర్ణిమకు మరియొకటి వచ్చుటకు వీలు కలుగును. 2025 సెప్టెంబరు 7, 2026 మార్చి 3, 2026 ఆగస్టు 28 తేదీల గ్రహణములు ఈ వరుసలోనివే. అయితే ప్రతి పర్యాయము నాలుగు దినముల అంతరము పేరుకొనుచుండును. కొన్ని పర్యాయములకు వరుస తెగి, నడుమ అయిదు మాసముల ఎడముతో క్రొత్త వరుస మొదలగును. వరాహమిహిరుడు ఆరేసి మాసముల పర్వములకు బ్రహ్మ, చంద్రుడు, ఇంద్రుడు, కుబేరుడు, వరుణుడు, అగ్ని, యముడు అను ఏడుగురు అధిపతులను వరుసగా చెప్పుట ఈ ఆవృత్తిని అనుసరించియే.

రెండవది పందొమ్మిది సంవత్సరముల ఆవృత్తి. 19 సౌర సంవత్సరములకు 235 చాంద్రమాసములు సరిపోవును. మన పంచాంగమున ఇందు ఏడు అధికమాసములు వచ్చును. ఈ కాలము గడచిన పిమ్మట అదే తేదీకి అదే తిథి వచ్చుట కలదు. 2007 మార్చి 3న, ఆగస్టు 28న చంద్రగ్రహణములు సంభవించినవి. 2026లో గ్రహణ దినములు మరల మార్చి 3, ఆగస్టు 28 తేదీలే. 2009 డిసెంబరు 31న ఖండగ్రహణము కలిగెను. 2028 డిసెంబరు 31 రాత్రి సంపూర్ణ గ్రహణము మన దేశమున కనబడును. కాని ఈ ఆవృత్తి నాలుగైదు పర్యాయములకు మించి నిలువదు.

మూడవది, అన్నిటికంటె గొప్పది, పదునెనిమిది సంవత్సరముల ఆవృత్తి. దీనిని ప్రాచీన బాబిలోనియా ఖగోళజ్ఞులు ఎరిగియుండిరి. నేడు దీనికి సారోస్ అని పేరు. ఒక పూర్ణిమనుండి గణించిన 223 చాంద్రమాసములకు 6,585.32 దినములు. చంద్రుడు ఒక పాతమునుండి బయలుదేరి మరల అదే పాతమును 242 మారులు చేరుటకు 6,585.36 దినములు. చంద్రుడు భూమికి మిక్కిలి సమీపించు స్థానమును 239 మారులు చేరుటకు 6,585.54 దినములు. తిథి, పాతము, దూరము అను మూడు లెక్కలును ఇంచుమించు ఒకే సమయమున కలియుటచే 18 సంవత్సరముల 11 దినములకు అట్టి గ్రహణమే మరల వచ్చును.

ఒక ఉదాహరణము చూడదగును. మన గడియారము ప్రకారము 1971 ఆగస్టు 7 తెల్లవారుజామున 1.13కు ఒక సంపూర్ణ గ్రహణమునకు మధ్యము. దాని వరుసలోనిదే 1989 ఆగస్టు 17 ఉదయము 8.38కి, తరువాతిది 2007 ఆగస్టు 28 సాయంకాలము 4.07కు, అటుపిమ్మట 2025 సెప్టెంబరు 7 రాత్రి 11.42కు వచ్చినవి. 6,585 దినములపై మిగిలిన మూడవవంతు దినము వలన ప్రతి గ్రహణమును సగటున ఎనిమిది గంటలు వెనుకపడును. ఈ వరుసలో ఆ ఎడము ఏడున్నర గంటల ప్రాంతమున నున్నది. అందుచే 1989లోను 2007లోను గ్రహణమధ్యము మనకు పగటివేళ వచ్చినది. మూడు ఆవృత్తులు, అనగా 54 సంవత్సరముల ఒక మాసము గడచిన పిమ్మట అది మరల మన రాత్రికి చేరినది. 1971లో తాత చూచిన గ్రహణమే 2025లో మనుమడు చూచినాడన్నమాట.

అయినను రెండును అచ్చుగ్రుద్దినట్లు ఒక్కటి కావు. ఈ వరుసలో సంపూర్ణగ్రాస కాలము 1971లో 99 నిమిషములు, 1989లో 96, 2007లో 90, 2025లో 82. 2043 సెప్టెంబరు 19న అది 72 నిమిషములే. ప్రతి ఆవృత్తికిని చంద్రుడు పాతమునుండి సుమారు అరభాగ జరుగుటయే ఇందులకు కారణము. ఇట్లు ఒక్కొక్క వరుస పలుచని నీడతో పుట్టి, ఖండమై, సంపూర్ణమై, మరల క్షీణించి, పన్నెండు పదమూడు శతాబ్దులకో అంతకు మించియో ముగియును.

ఆచరణము

ఈ వివేచన వలన గృహస్థునకు ప్రయోజనము కలదు. తన ప్రాంతమున కంటికి కనబడు గ్రహణమునకే స్నానదానాది నియమములు విహితములు. ఉపచ్ఛాయా గ్రహణమునకును, అన్యదేశములందు మాత్రమే కనబడు గ్రహణమునకును నియమములు లేవు. కనుక ఎక్కడనో గ్రహణమని విని దిగులు చెంది యాత్ర మానుకొన పనిలేదు.

దృశ్యమగు చంద్రగ్రహణమునకు స్పర్శకు పూర్వము మూడు యామములు, అనగా తొమ్మిది గంటలు, వేధకాలము. అందు భోజనము నిషిద్ధము. బాలవృద్ధాతురులకు ఇందు సడలింపు కలదు గనుక వ్యాధిగ్రస్తులను, పసివారిని పస్తుంచి బాధింపరాదు. స్పర్శకాలమున స్నానము, మధ్యమున జపము, మోక్షము సమీపించునపుడు దానము, మోక్షానంతరము మరల స్నానము అని క్రమము. సోమవారమున వచ్చు చంద్రగ్రహణమునకు చూడామణి యని పేరు. అందలి జపదానములు విశేష ఫలప్రదములు. పైన చెప్పిన 2017 ఆగస్టు 7 నాటి గ్రహణ మట్టిదే.

తిరుమలలో గ్రహణమునకు కొన్ని గంటల ముందుగనే ఆలయ ద్వారములు మూసివేసి, మోక్షానంతరము శుద్ధి, పుణ్యాహవచనము జరిపి తెరచుట ఆచారము. శ్రీకాళహస్తిలో మాత్రము ఆలయము తెరచియుంచి గ్రహణకాలమున అభిషేకములు జరుపుదురు. ఏ క్షేత్రాచారము ఆ క్షేత్రమునకు ప్రమాణము. యాత్రికులు పంచాంగమును, దేవస్థానము వారి ప్రకటనను ముందుగా చూచుకొని ప్రయాణము నిర్ణయించుకొన్నచో క్యూలలో గంటలకొలది వేచియుండు కష్టము తప్పును. ద్వారము మూసియున్న వేళయు వ్యర్థము కాదు. అది నామజపమునకు శాస్త్రము ప్రత్యేకించి యిచ్చిన సమయము.

రాహువు మరణము లేనివాడయ్యును చక్రమునకు లోబడినవాడే. నీడ ఎంత దట్టమైనను రెండు గంటలైనను బింబమును పూర్తిగా మరుగుపరుపజాలదు. ఏ నిమిషమున నీడ తగులునో, ఏ నిమిషమున తొలగునో వందల ఏండ్లు ముందుగా గణింపగలుగునంతటి నియతి ఈ జగత్తున ఉండుట జగన్నియామకుని శాసనము వలననే. సంసారమున కలుగు ఆపదలను కూడ హద్దుగల ఛాయలుగా ఎంచి, మోక్షకాలమునకై నామస్మరణముతో నిరీక్షించుట భక్తుని కర్తవ్యము. సుదర్శనధారియగు శ్రీనివాసుడు ఎల్లరను రక్షించుగాక!