ఊరు గీయకుండా ఫైరింజన్ కట్టకండి

ఎవరి ముందైనా బుట్టెడు లెగో ఇటుకలు పోసి, "ఒక ఊరికి అగ్నిమాపక దళం తయారు చెయ్యండి" అనండి. ఏడేళ్ల పిల్లాడైనా, యాభై ఏళ్ల పెద్దమనిషైనా చెయ్యి ముందు పోయేది ఎర్ర ఇటుకల మీదికే. మొదట తయారయ్యేది పొడవాటి నిచ్చెన బండే. నేనూ అంతే. వేసవి సెలవులకొచ్చిన మేనకోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, రెండు రోజులు కష్టపడి, ఇంట్లో ఉన్న ఎరుపంతా ఊడ్చిపెట్టి, మూరెడు నిచ్చెనతో ఓ బండి కట్టాను. నిచ్చెన పైకి లేపానో లేదో బండి బోర్లా పడింది. నిజం బండికైతే పక్కలకు జాకీలు దిగి నేలను గట్టిగా పట్టుకున్నాకే నిచ్చెన లేస్తుంది. ఆ సంగతి నాకు అప్పటికి తట్టలేదు.

బండి పడినందుకు నాకేమీ అనిపించలేదు. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకే నోట మాట రాలేదు.

"మామయ్యా, ఇంతకీ మన ఊళ్లో అంత ఎత్తు మేడ ఏదీ?"

మేడ సంగతి అలా ఉంచండి, అసలు ఊరే లేదు. ఏ ఊరి కోసమో తెలియకుండానే దళం మొదలుపెట్టేశాను. ఈ తప్పు నేను ఇటుకలతోనే చేశానా? ఎవరో నేర్చుకుంటున్నారని నేనూ చేరిన కోర్సులు, ఎందుకైనా పనికొస్తాయని కొని అట్ట విప్పని పుస్తకాలు, బీరువా పై అరలో పడి ఉన్న సర్టిఫికెట్లు గుర్తొచ్చాయి. అన్నీ నిచ్చెన బండ్లే. మెరుస్తుంటాయి, ఎక్కడికీ కదలవు. మీ బీరువాలో ఎన్ని ఉన్నాయో ఓసారి లెక్కపెట్టుకోండి.

మర్నాడు బండి విప్పేశాం. పాత కేలండరు వెనక్కి తిప్పి ఊరు గీశాం. పేరు కొత్తరేవు. చిన్న ఓడరేవు, దాని పక్కనే పత్తి గోదాములు, వెనకాల ఇరుకు సందుల పాత బజారు, ఊరి చివర విమానాశ్రయం. ఇళ్లన్నీ రెండంతస్తుల లోపే. గీశాక రెండే ప్రశ్నలు వేసుకున్నాం. ఇక్కడ ఏది అంటుకుంటుంది? మనుషులు ఎక్కడ ఇరుక్కుంటారు?

ఆ రెండు ప్రశ్నలతో బండ్లు వాటంతటవే వరస కట్టాయి. పాత బజారు సందుల్లో పెద్ద ఫైరింజన్ దూరదు, అక్కడికి చిన్న జీపు కావాలి. విమానాశ్రయం సంగతి వేరే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధన ప్రకారం రన్‌వేలో ఏ మూలకైనా రక్షణ బండి చేరడానికి 3 నిమిషాలు దాటకూడదు, 2 నిమిషాల్లో చేరితే మరీ మంచిది. అంటే నురగ చిమ్మే ఫోమ్ టెండర్‌ను ఊరి నడిబొడ్డున పెడితే లాభం లేదు, రన్‌వే పక్కనే దానికో షెడ్డు వెయ్యాలి. ఇక రేవుకి పడవ ఉండాలన్నాను. "మంటలార్పడానికి పడవేంటి?" అని నవ్వింది మా మేనకోడలు. అప్పుడు 1944 ఏప్రిల్ 14 కథ చెప్పాను. బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ. ఒకే ఓడలో పత్తి బేళ్లూ, పేలుడు పదార్థాలూ. మంట పుట్టింది, ఆర్పుతుండగానే ఓడ పేలింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. ఏటా ఆ తేదీన దేశమంతా అగ్నిమాపక దినం జరుపుకునేది వాళ్ల జ్ఞాపకంగానే. ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత కేలండరు మీద రేవు పక్కన గీసిన గోదాములను రబ్బరుతో తుడిచి, రోడ్డుకి ఇవతల మళ్లీ గీసింది.

నాకు బాగా నచ్చిన పని అదే. మంటను ఆర్పే బండి కట్టేముందు మంట పుట్టే చోటు మార్చేసింది. మనం మాత్రం పొద్దున్నే పరుగులు తీస్తూ 'ఒత్తిడిని తట్టుకోవడమెలా' అన్న ఉపన్యాసాలు వింటాం. అరగంట ముందు లేచే ఆలోచన మాత్రం చెయ్యం.

ఇప్పుడు కొలతల సంగతి. కాస్త లెక్కలుంటాయి, ఓపిక పట్టండి. లెగో ఇటుక మీద ఒక బొడిపెకూ పక్క బొడిపెకూ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. చేతులూ కాళ్లూ కదిలే చిన్న బొమ్మమనిషి 1978లో వచ్చాడు. అతని ఎత్తు సుమారు 4 సెంటీమీటర్లు. మామూలు మనిషితో పోలిస్తే దాదాపు నలభై రెండో వంతు. నిజం ఫైరింజన్ వెడల్పు రెండున్నర మీటర్లు అనుకుంటే, ఆ లెక్కన బొమ్మబండి 6 సెంటీమీటర్లు ఉండాలి, అంటే దాదాపు ఎనిమిది బొడిపెలు. పాతకాలపు సెట్లలో బండ్లు నాలుగు బొడిపెలే ఉండేవి, తర్వాత ఆరుకి పెరిగాయి. ఎంత వెడల్పు ఉండాలన్నది ఇటుకలతో బండ్లు కట్టే పెద్దవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని తగువు. మేం ఆరు అనుకున్నాం. చేతిలో ఉన్న ఇటుకలు అంతకే సరిపోతాయి. ఆ తర్వాత ఇక చర్చ లేదు. స్టేషన్ తలుపు ఎనిమిది బొడిపెలు, రోడ్డు మీద రెండు బండ్లు ఎదురుపడితే పట్టేంత చోటు, మలుపు ఎంత తిరగాలి... అన్నీ ఆ ఒక్క అంకె చెప్పేసింది.

హద్దు గీసుకోవడమంటే చాలామందికి ఓడిపోయినట్టు అనిపిస్తుంది. ఒక లెక్క వినండి. ఎనిమిది బొడిపెల ఇటుకలు, ఒకే రంగువి, ఆరంటే ఆరు. వాటిని కలిపి కట్టగల రూపాలు 91,51,03,765. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడు సోరెన్ ఐలర్స్ తేల్చిన అంకె ఇది. ఆరు ఇటుకలకే 91 కోట్లు దాటితే, బుట్టెడు ఇటుకలున్నవాడు హద్దు లేకుండా ఎన్నటికి ఒక బండి పూర్తి చేస్తాడు? కంప్యూటర్‌లో ఇటుకలు తరిగిపోని సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి, నేనూ వాడాను. అందులో నేను మొదలుపెట్టిన బండ్లు పదకొండు. పూర్తయినవి లేవు.

ఇంకో రెండు పనిమాటలు. ఇటుకలను రంగుల వారీగా వేరు చేయకండి, ఆకారాల వారీగా చేయండి. ఎర్రని కుప్పలో చిన్న ఎర్రముక్కను వెతకడం గడ్డివాములో సూది వ్యవహారమే. ఒకే ఆకారం ముక్కల్లో ఎరుపు ఇట్టే కనబడుతుంది. రెండోది, మొదటి నమూనా అందంగా ఉండాల్సిన పని లేదు. పచ్చా, నీలం, తెలుపు, ఏది చేతికి దొరికితే దానితో కట్టండి. చక్రాలు తిరుగుతున్నాయా, స్టేషన్ తలుపులోంచి బయటికి వస్తోందా, ఒంటి చేత్తో ఎత్తితే విడిపోతోందా అని చూడండి. అన్నీ కుదిరాక విప్పి ఎరుపులో కట్టండి. మా చిన్న జీపు మొదటి రూపం చూసి మా అక్క "ఇదేంట్రా, బతుకమ్మలా ఉంది" అంది. ఉండనీ. సందులోకి దూరింది కదా.

అన్నిటికంటే ఎక్కువ తర్జనభర్జన నీళ్ల దగ్గర జరిగింది. మన రోడ్ల మీద సాధారణంగా కనిపించే వాటర్ టెండర్‌లో పట్టేది దాదాపు 4,500 లీటర్లు. నిమిషానికి 2,250 లీటర్లు తోడే పంపును పూర్తిగా వదిలితే రెండు నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. మూడో నిమిషంలో ఏం చేస్తారు? అందుకే వెనకాలే నీళ్లు మోసుకొచ్చే పెద్ద ట్యాంకరు కావాలి, ఊళ్లో నీళ్లు తోడుకునే చోట్లు ముందే తెలిసి ఉండాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమని మన పెద్దలు ఊరికే అనలేదు. ట్యాంకరు చూడ్డానికేమీ బాగోదు, కట్టడానికి పిల్లలెవరూ ఎగబడరు. మేం మాత్రం మూడు కట్టాం. మీ మూడో నిమిషం సంగతేమిటి? ఉత్సాహం రెండు నిమిషాలు ఎవరికైనా ఉంటుంది. ఆ తర్వాత పనికొచ్చేవి రాత్రి సరిపడా నిద్ర, బ్యాంకులో ఆరునెలల ఖర్చు, అడగ్గానే వచ్చే ఇద్దరు మిత్రులు. ఇవేవీ బయోడేటాలో రాసుకునేవి కావు.

విచిత్రమేమిటంటే, ఈ ఇటుకల కంపెనీ కథలోనే మంటలున్నాయి. డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే పల్లెలో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ వడ్రంగి. 1924లో అతని కొడుకులు ఆటలో చెక్కపేళ్లకు నిప్పంటించారు. ఇల్లూ, పనిశాలా కాలిపోయాయి. మునుపటికంటే పెద్దది కట్టుకున్నాడు. 1932లో చెక్కబొమ్మలు మొదలుపెట్టాడు. 1942లో ఫ్యాక్టరీ తగలబడింది, నమూనాలూ నక్షలూ బూడిదయ్యాయి. మళ్లీ కట్టాడు. ఇటుకకు పేటెంటు దరఖాస్తు పెట్టింది 1958 జనవరి 28న. ఆ మార్చిలోనే ఆయన కన్నుమూశాడు. 1960లో చెక్కబొమ్మల గోదాము అంటుకుంది. ఈసారి కొడుకు గాడ్‌ఫ్రెడ్ దాన్ని తిరిగి కట్టలేదు. తండ్రి పెంచిన చెక్కబొమ్మల పని మొత్తంగా ఆపేసి, ఇటుకల మీదే నిలబడ్డాడు. రెండుసార్లు తిరిగి కట్టడం పట్టుదలే, కాదనను. నాకు మాత్రం మూడోసారి కట్టకపోవడమే పెద్ద పనిగా కనిపిస్తుంది. మన ఊరు ఏదో ఇప్పుడు తెలిసింది, ఇక వేరే ఊరి బండ్లు మనకొద్దు అనుకున్నాడు. ఆ 1958 నాటి ఇటుక ఇవాళ్టి ఇటుకతో చక్కగా అతుక్కుంటుంది.

కాబట్టి ఈ ఆదివారం అటక మీది పెట్టె దించండి. పిల్లలుంటే పిలవండి, లేకపోతే మీరే కూర్చోండి. ఎర్ర ఇటుకలు కాసేపు పక్కన పెట్టి, ముందు కాగితం తీసుకోండి.

కొత్తరేవులో ప్రస్తుతం మూడు ట్యాంకర్లు, రెండు వాటర్ టెండర్లు, ఒక జీపు, ఒక ఫోమ్ టెండర్, ఒక పడవ ఉన్నాయి. నిచ్చెన బండి లేదు. ఊళ్లో మూడంతస్తుల మేడే లేదు మరి.