ఊపిరితిత్తులలో బూజు

వానలు వెనుకపట్టిన పిదప బాపట్ల, రేపల్లె ప్రాంతపు పల్లెలలో తడిసిన గడ్డివామిని కదిపితే ముక్క వాసన వేస్తుంది. బూడిదవంటి దుమ్ము లేస్తుంది. తెలుగులో బూజు అనీ, ఉర్దూలో ఫఫూంద్ అనీ మనం వ్యవహరించేది ఇదే. శాస్త్ర పరిభాషలో దీనిని శిలీంధ్రం అంటారు. ఆ దుమ్ములో కంటికి కానరాని సిద్ధబీజాలు లెక్కకు మించి ఉంటాయి. వానిలో ముఖ్యమైనది ఆస్పర్‌జిల్లస్. 1729లో ఇటలీ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు మిచెలి, చర్చిలో పవిత్రజలం చిలకరించే సాధనాన్ని పోలి ఉన్నదని దీనికి ఈ పేరు పెట్టాడు. దీని సిద్ధబీజం సుమారు 2 నుండి 3 మైక్రాన్లు మాత్రమే. కాబట్టి అది శ్వాసతోపాటు ఊపిరితిత్తుల చివరి గదుల దాకా సులభంగా చేరగలదు.

మనమందరమూ ప్రతిదినం ఈ బీజాలను పీల్చుతూనే ఉన్నాము. అయినా జబ్బు పడకపోవటానికి కారణమేమి? ఊపిరితిత్తులలో కావలి ఉండే కణాలు వానిని మింగివేస్తాయి. తప్పించుకొని మొలకెత్తిన వానిని తెల్ల రక్తకణాలు చంపుతాయి. ఈ కావలి సడలిననాడు బూజు ఊపిరితిత్తులలో వేళ్ళూనుతుంది; రక్తనాళాలలోకి చొచ్చుకొనిపోతుంది.

కొందరికి ఈ కావలిని వైద్యులే బుద్ధిపూర్వకంగా సడలించవలసి వస్తుంది. మూత్రపిండ మార్పిడి జరిగినవారికి, కొన్ని రకాల కీళ్ళవాతం ఉన్నవారికి నిరోధక శక్తిని అణచే మందులు ప్రాణాధారాలు. వానిలో ఒకటైన మెథోట్రెక్సేట్ రూపకల్పనలో, 1895లో భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధనకు ప్రధాన స్థానమున్నది. 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికే ఆయన పేరిట సుబ్బరోమైసిస్ అని నామకరణం చేశారు. మార్పిడి రోగులకు వాడే సైక్లోస్పోరిన్ నార్వే మట్టిలో దొరికిన ఒక శిలీంధ్రం నుండి వచ్చినదే. కనుక మందూ శత్రువు కాదు, శిలీంధ్రమూ సర్వదా శత్రువు కాదు. ఎరుక లేకపోవటమే శత్రువు.

ఎరుక కొరవడితే ఏమగునో 2021లో చూచాము. కోవిడ్‌తో ప్రాణవాయువు అవసరమైనవారికి స్టిరాయిడ్లు ప్రాణం పోశాయి. కాని అవసరం లేనివారు, మధుమేహం అదుపులో లేనివారు కూడా వానిని మితిమీరి వాడినందున మ్యూకర్ జాతి శిలీంధ్రాలు విజృంభించాయి. ఆ సంవత్సరం జూన్ చివరికి దేశంలో 40,845 మందికి ఈ వ్యాధి సోకినట్లు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. వారిలో 21,523 మంది స్టిరాయిడ్లు వాడినవారు. ఆ మే నెలలోనే మన రాష్ట్ర ప్రభుత్వం ఈ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. అందరూ దానిని 'బ్లాక్ ఫంగస్' అన్నారు గాని, నలుపు ఆ బూజుది కాదు. రక్తం అందక చచ్చిన కండది. ఎక్కువమందికి అది ముక్కును, కంటిని పట్టింది; కొందరికి ఊపిరితిత్తులను పట్టింది.

ఈ జబ్బు క్షయను పోలి ఉండటం పెద్ద చిక్కు. జ్వరం, దగ్గు, ఛాతీనొప్పి, కళ్ళెలో రక్తం రెండింటిలోనూ కనిపిస్తాయి. సూక్ష్మజీవులను చంపే సాధారణ యాంటీబయాటిక్ మందులు బూజుపై పనిచేయవు. ఆస్పర్‌జిల్లస్‌కు వాడే వొరికొనజోల్ మ్యూకర్‌పై పనిచేయదు. దానికి ఆంఫోటెరిసిన్ కావాలి. అందువలన కళ్ళె పరీక్ష, సి.టి. స్కాన్ మున్నగు వానితో ఏ బూజో తేల్చుకొనటం అత్యవసరం. ఆలస్యమైన ప్రతిదినమూ ప్రాణగండమే.

కాబట్టి ఇటువంటి మందులు వాడేవారు గడ్డివాముల దుమ్ముకు, పాత గోడలు పడగొట్టే చోట్లకు దూరంగా ఉండాలి. జ్వరం తగ్గకున్న వెంటనే వైద్యుని దర్శించి, తాము వాడే మందుల పేర్లు మొదటనే చెప్పాలి. భయపడి మందు తామే మానరాదు. చాలాకాలం వాడిన స్టిరాయిడ్లను హఠాత్తుగా మానటం కూడా ప్రమాదమే. పాత చీటీతో మళ్ళీమళ్ళీ కొని వాడుకొనటం అంతకన్న ప్రమాదం.

విద్యార్థులారా! తెనాలి బస్సు దిగి ఇల్లు చేరిననాడు మీ దాదీగారి, తాతయ్యగారి మందుల చీటీ ఒకసారి చదవండి. ఆ మందు దేనికో, ఎన్నాళ్ళకో వైద్యుని అడిగి వారికి అర్థమయ్యే మాటలలో చెప్పండి. మీ చదువుకు అంతకన్న సార్థకత వేరొకటి లేదు.