ఐసు పెట్టె కొనేముందు మూత కొట్టి చూడండి

తెల్లవారుజామున వల లాగిస్తారు. శీలావతులు, బొచ్చెలు ఇంకా ఎగురుతుండగానే కాటా వేయించి, పెట్టెలో సర్ది, మోపెడు వెనక కట్టుకుని టౌనుకి బయల్దేరతారు. ఏడాది పొడుగునా ఆ చేపకి తవుడు ఎంత, చెక్క ఎంత, ఎరువు ఎంత అని లెక్క చూసి పెట్టిన రైతు, ఆఖరి మూడు గంటల లెక్క మాత్రం చూసుకోడు. మార్కెట్‌కి చేరేసరికి మొప్ప ఎరుపు పోయి గోధుమరంగుకి తిరిగితే ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది? మన ఖాతాలోనే.

ఆకివీడు, కైకలూరుల నుంచి లారీల మీద టన్నుల్లెక్కన బయటి రాష్ట్రాలకు ఎత్తేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి ట్రేలు, ఐసు, ప్యాకింగు కూలీలు అన్నీ వ్యాపారే చూసుకుంటాడు. ఈ వారం చెప్పేది ఇరవై, ముప్ఫై, యాభై కిలోలు తామే తీసుకెళ్లి అమ్ముకునే చిన్న రైతులకి, సంతల్లో కూర్చునే అక్కచెల్లెళ్లకి, వీధుల్లో తిరిగి అమ్మే కుర్రాళ్లకి. గట్టి గోడల ఐసు పెట్టె ఎలా చూసి కొనాలి అన్నదే సంగతి.

ముందు నాకు తగిలిన దెబ్బ చెబుతాను. కొన్నేళ్ల క్రితం మే నెలలో మా బావమరిది చెరువులో చిల్లర పట్టుబడి పట్టాం. 35 కిలోల చేప. టౌనులో కొత్తగా కొన్న నీలం రంగు పెట్టె ఉంది. నిగనిగలాడుతోంది, పెద్ద పెద్ద క్లిప్పులు ఉన్నాయి. "రెండు రోజులు ఐసు కరగదండీ" అని కొట్టువాడు అన్నాడు. ఆ ధైర్యంతో 12 కిలోల ఐసు వేసి బయల్దేరాం. దారిలో టైరు పంక్చరు. పదకొండు గంటలకి చేరి మూత తీస్తే ఐసు అన్నమాటే లేదు, గోరువెచ్చటి నెత్తురునీళ్లు. పైవరస చేప వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఎప్పుడూ కొనే ఆవిడే మొప్ప ఎత్తి చూసి, "ఏమండీ, ఇది నిన్నటి చేపా?" అంది. సగం ధరకి వదిలించుకుని వచ్చాం.

తర్వాత ఏడాదికే ఆ పెట్టె మూత పగిలింది. పగిలినచోట చూస్తే లోపల ఖాళీ. పైన ఒక ప్లాస్టిక్ రేకు, కింద ఒక ప్లాస్టిక్ రేకు, మధ్యలో గాలి తప్ప ఏమీ లేదు. గోడల్లో ఫోము ఉంది, మూతలో లేదు. అందుకే ఈ వ్యాసానికి ఆ పేరు పెట్టాను.

అయితే తప్పంతా పెట్టెదే అనుకోకండి. సగం నాది.

ఐసు లెక్క ముందు, పెట్టె తర్వాత

పెట్టె చలువ పుట్టించదు. మనం లోపల పెట్టిన చలువని కాపలా కాస్తుంది, అంతే. చలువంతా ఐసుదే. ఒక కిలో ఐసు కరగడానికి 80 కిలో కేలరీల వేడి కావాలి. ఆ వేడిని అది చేప నుంచి లాక్కుంటుంది. ఎండాకాలం చెరువులోంచి తీసిన చేప ఒళ్లు 30 డిగ్రీలు ఉంటుంది. దాన్ని సున్నా డిగ్రీలకి దించాలంటే కిలో చేప నుంచి సుమారు 25 కిలో కేలరీల వేడి తీసెయ్యాలి. అంటే కిలో చేపకి దాదాపు 300 గ్రాముల ఐసు, కేవలం చల్లబరచడానికే ఖర్చయిపోతుంది. పెట్టె ఎంత గొప్పదైనా ఈ ఖర్చు తప్పదు.

ఇప్పుడు నా 35 కిలోల చేప లెక్క చూడండి. చల్లబరచడానికే 11 కిలోల ఐసు అయిపోయింది. నేను వేసింది 12. దారికి మిగిలింది ఒకే ఒక్క కిలో! ఎండలో పంక్చరు వేయించుకుంటూ కూర్చున్న పెట్టెకి అది ఏమూలకి?

మన ఎండలకి చేప ఎంతో ఐసు అంత, అంటే కిలోకి కిలో వేయమని చెప్పేది ఇందుకే. మూడో వంతు చేపని చల్లబరచడానికి, మిగతాది దారిలో గోడల్లోంచి లోపలికి వచ్చే వేడిని తట్టుకోవడానికి. పెట్టె మంచిదైతే ఈ రెండో భాగం మిగులుతుంది. పెట్టె చవకదైతే ఇదే కరిగిపోతుంది. పెట్టె బాగోగులు తేలేది ఇక్కడే.

ఇంకో పొరపాటు లీటర్లకీ కిలోలకీ మధ్య జరుగుతుంది. "100 లీటర్ల పెట్టె కదా, 100 కిలోలు పట్టదా" అని అడుగుతారు. పట్టదు. సమానంగా ఐసు వేస్తే 35, 40 కిలోల చేపకి మించదు. నలగ్గొట్టిన ఐసు చేపకన్నా ఎక్కువ జాగా తింటుంది. పైగా అంత నింపితే పెట్టె బరువుతో కలిపి 80, 90 కిలోలవుతుంది. ఇద్దరు మనుషులు ఎత్తి మోపెడు మీద పెట్టడం కష్టం, పెట్టినా మలుపులో బండి నిలవదు. బండి మీద తిరిగేవాళ్లకి ఒక పెద్ద పెట్టె కన్నా రెండు చిన్నవి మేలు. ఒకటి తెరిచి అమ్ముతున్నంతసేపూ రెండోది మూసే ఉంటుంది, ఇదొక లాభం.

గోడలో ఏముంది?

మన పాత ఐసు వ్యాపారులు దిమ్మల్ని వరి ఊకలోనో, రంపపు పొట్టులోనో దాచి పైన గోనెపట్టా కప్పేవారు. ఊకకి చలువ లేదు. దాని సందుల్లో కదలకుండా నిలిచిన గాలి ఉంటుంది, ఆ గాలి వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు. ఇప్పటి పెట్టె గోడలోని ఫోము చేసేదీ అదే పని. సన్నటి బుడగల్లో గాలో, వాయువో బంధించి ఉంటుంది. నా పాత పెట్టె మూతలోనూ గాలే ఉంది కదా అంటారేమో. అది ఖాళీలో అటూ ఇటూ తిరిగే గాలి, తిరిగే గాలి వేడిని మోసుకొస్తుంది.

ఫోముల్లో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి తెల్లటి పూసల థర్మోకోల్. రెండోది గోడల మధ్య పోసి పొంగించే పాలీయురిథేన్ ఫోము, దుకాణాల్లో "పఫ్" అంటారు. ఒకే మందంలో పఫ్ థర్మోకోల్ కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బాగా వేడిని ఆపుతుంది. పైగా ప్లాస్టిక్ గోడలకి అంటుకుపోయి పెట్టెకి బలం ఇస్తుంది. ఉత్త థర్మోకోల్ పెట్టెలు ఒకటి రెండు ప్రయాణాలకి సరే, రోజువారీ పనికి కాదు. అంచులు విరుగుతాయి, నెత్తురు పీల్చి కంపు పడతాయి, కడిగినా పోదు.

ఇక మందం. కొట్టుకి వెళ్లేటప్పుడు జేబులో టేపు పెట్టుకోండి. పెట్టె బయటి పొడుగు కొలవండి, లోపలి పొడుగు కొలవండి. తీసివేసి సగం చేస్తే గోడ మందం వస్తుంది. ఎండలో తిరిగే పెట్టెకి 4 సెంటీమీటర్లకి తగ్గితే వద్దనే అంటాను, 5 ఉంటే ఇంకా మంచిది. మూతనీ అలాగే చూడండి. మూతని వేళ్ల కణుపులతో కొట్టండి, తర్వాత గోడని కొట్టండి. ఫోము నిండినచోట మొద్దుగా 'దబ్' మంటుంది, ఖాళీగా ఉన్నచోట డబ్బాలాగ మోగుతుంది. మూతలోనూ ఫోము ఉందా అని కొట్టువాడిని సూటిగా అడగండి. నిలిపి ఉంచిన పెట్టెకి ఎండ సూటిగా కొట్టేది మూత మీదే.

మూత సందు చూడటానికి పాత పేపరు ముక్క చాలు. అంచు మీద పెట్టి మూత బిగించి లాగండి. బిగుతుగా వస్తే రబ్బరు పట్టు ఉన్నట్టు. జారిపోతే ఆ సందులోంచి వేడిగాలి పోతుంది. నాలుగు వైపులా చూడాలి సుమా, ముందు వైపు మాత్రమే చూసి సరిపెట్టుకోవద్దు. మడతబందు వైపే ఎక్కువగా వదులుంటుంది. రాత్రిపూట లోపల టార్చిలైటు వెలిగించి మూసి చీకట్లో చూసినా సందులు తెలిసిపోతాయి.

క్లిప్పులు, మడతబందులు ఎంత అందంగా ఉన్నా ముందుగా పోయేవి అవే. రోజుకి యాభైసార్లు మూత తీసి వేస్తారు. రెండు చిన్న బందులకన్నా అంచు పొడుగునా ఊచ దూర్చిన బందు మన్నుతుంది. ఇనుప భాగాలుంటే తుప్పు పట్టని స్టీలేనా అని అడగండి. ఉప్పునీటి రొయ్యలు మోసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. విడిభాగాలు ఆ కొట్లోనే దొరుకుతాయా అన్నది ధరకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. రబ్బరు పట్టీ ఒక్కటి దొరక్క మంచి పెట్టెలు మూలపడటం చూశాను.

నీళ్లు పోయే బిరడా అడుగు మట్టానికి సమానంగా ఉండాలి. కొన్నింటికి అంగుళం పైకి ఉంటుంది, ఆ అంగుళం మేర మురుగు నిలిచిపోతుంది. బిరడా మరతో బిగించేదై, పెట్టెకి గొలుసుతోనో తాడుతోనో కట్టి ఉండాలి. లేకపోతే వారం తిరక్కుండా ఏ కాలవలోనో పడుతుంది, తర్వాత గుడ్డ పీలిక కుక్కుకోవాల్సిందే.

బలం సంగతి. అతుకుల్లేకుండా ఒకే ముక్కగా పోతపోసిన పాలిథిన్ పెట్టెలు కిందపడినా తొందరగా పగలవు. ఎండకి తట్టుకునే మందు కలిపిన ప్లాస్టిక్ కావాలి. లేకపోతే రెండు మూడు వేసవులకి పైన సున్నంలాగ తెల్లపొడి రాలి పెళుసెక్కుతుంది. పాత పెట్టె కొంటుంటే గోరుతో గీకి చూడండి. రంగు తెలుపో, లేత రంగో తీసుకోండి, ముదురు నీలం ఎండని పీలుస్తుంది. కొత్త పెట్టె మూత తీసి ముక్కు పెట్టి వాసన చూడండి. ఘాటుగా కొడితే అది ఆహారం పెట్టదగ్గ ప్లాస్టిక్ కాకపోవచ్చు, వదిలెయ్యండి.

ఒక్క పని మాత్రం చెయ్యకండి. బండికి బిగించడానికని పెట్టెకి కన్నాలు వేసి బోల్టులు పెట్టిస్తారు. ఆ కన్నంలోంచి నీళ్లు ఫోములోకి దిగుతాయి. తడిసిన ఫోము వేడిని ఆపదు. పెట్టె బరువెక్కిపోతుంది, కంపు కొడుతుంది, దాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు. బండికి ఇనుప చట్రం చేయించి అందులో పెట్టెని దించి, పట్టీతో కట్టుకోండి.

ఇంట్లో చేసుకునే పరీక్ష

ఇద్దరు ముగ్గురు కలిసి కొనేటట్టయితే ఒక్కో రకం ఒక్కోటి తెచ్చి ఇలా చూడండి. ఒకే సైజు పెట్టెలు రెండింటిలో చెరో 20 కిలోల ఐసు కాటా వేసి పెట్టండి. మూసి, ఒకే నీడలో పక్కపక్కన ఉంచి, మధ్యలో మూత తియ్యకండి. మర్నాడు అదే వేళకి బిరడా తీసి నీళ్లు కొలవండి. లీటరు నీరంటే కిలో ఐసు కరిగినట్టు. ఒకదాంట్లో 7 లీటర్లు, రెండోదాంట్లో 13 వచ్చాయనుకోండి, తేడా రోజుకి 6 కిలోల ఐసు. మీ ఊళ్లో ఐసు ధర కట్టి, ఏడాదికి ఎన్ని రోజులు తిరుగుతారో దానితో గుణించండి. ఎక్కువ ధర పెట్టె ఎన్నాళ్లకి గిట్టుతుందో మీకే తేలుతుంది. కొట్టువాడు చెప్పే "రెండు రోజులు, ఐదు రోజులు" మాటలు సాధారణంగా పెట్టె నిండా ఐసు వేసి, మూత తియ్యకుండా చూసిన లెక్కలు. మన వాడకం అలా ఉండదు.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఐసు పెట్టెతో సైకిలు, మోటారు సైకిలు, ఆటోలకి సాయం పెట్టారు. మామూలు వారికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకి 60 శాతం. ఈ ఏడాది మీ మండలానికి యూనిట్లు ఉన్నాయో లేవో మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కున్నాకే డబ్బు కట్టండి. సబ్సిడీ పెట్టెనైనా టేపు పెట్టి కొలిచే తీసుకోండి, మొహమాటపడొద్దు.

వాడకం

బయల్దేరే ముందు ఖాళీ పెట్టె ఎండలో ఉంటే దాని గోడలే కాలిపోతుంటాయి. ముందురోజు రాత్రే రెండు మూడు కిలోల ఐసు వేసి మూసి ఉంచండి. అడుగున ఐసు, పైన చేప, మళ్లీ ఐసు, ఇలా వరసలు వెయ్యాలి. అన్నిటికన్నా పైవరస ఐసు మందంగా ఉండాలి, కరిగిన చల్లటి నీరు కిందికి దిగుతూ అన్నిటినీ తడుపుతుంది. దిమ్మని పెద్ద ముక్కలుగా వేస్తే చేపకి ఆనదు, గుచ్చుకుంటుంది కూడా. గోనెలో చుట్టి చెక్కసుత్తితో మెత్తగా కొట్టించండి. రొయ్యలయితే ముందు ఐసు నీళ్లలో ముంచి చంపి, తర్వాత ఐసులో సర్దాలి. ఆలస్యమైతే తలదగ్గర నల్లమచ్చ మొదలవుతుంది, ధర అక్కడే పోతుంది. ఐసులో ఉప్పు చల్లే అలవాటు కొందరికి ఉంది, దానివల్ల ఐసు ఇంకా తొందరగా కరుగుతుంది.

2018 జులైలో ఫార్మలిన్ గొడవ వచ్చి అస్సాంలో మన చేపని కొన్నాళ్లు రానివ్వకపోవడం గుర్తుండే ఉంటుంది. ఐసు చాలినంత ఉన్నవాడికి ఆ మందుల జోలి అక్కర్లేదు.

ఒక మాట పశువుల రైతులకి. గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు టీకాలు తేవడానికి చేప పెట్టె వాడొద్దు. వాటికి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. గాలికుంటు టీకా గడ్డకడితే పనికిరాదు. దానికి వేరే చిన్న పెట్టె ఉంచుకుని, సీసా ఐసుకి తగలకుండా మధ్యలో అట్ట పెట్టండి.

సాయంత్రం ఇంటికి రాగానే పెట్టెని కడగండి, రేపు చూద్దాం అనుకోవద్దు. ముందు మంచినీళ్లతో జిగురు పోగొట్టి, తర్వాత 10 లీటర్ల నీళ్లలో 3, 4 గ్రాముల బ్లీచింగు పొడి కలిపి తోమి, పది నిమిషాలుంచి మళ్లీ మంచినీళ్లతో కడగండి. బిరడా తీసి, మూత తెరిచి, నీడలో బోర్లించండి. మూసి పెడితే తెల్లారేసరికి కంపు పడుతుంది. నెలకోసారి ఖాళీ పెట్టెని కాటా మీద పెట్టండి. కొన్ననాటి బరువుకన్నా కిలో, రెండు కిలోలు పెరిగిందంటే ఎక్కడో చీలి ఫోములోకి నీళ్లు దిగుతున్నాయన్నమాట. అందుకే కొన్న రోజే బరువు తూయించి, మూత లోపలివైపు పెయింటుతో రాసి పెట్టుకోండి.