గడ్డుకాలమున యజమాని ధర్మము

బరంపురములోని బట్టల వర్తకునకు ఏడాది రాబడిలో పెద్దభాగము దసరా, దీపావళి, పెండ్లి ముహూర్తముల మీదనే వచ్చును. గంజాం తీరమునకు తుపాను వచ్చునదియు సరిగా ఆ దినములలోనే. 1999లో అక్టోబరు 17వ తేదీన, సుప్రసిద్ధమైన ఆ మహాతుపానునకు పండ్రెండు దినముల ముందు, మొదటి దెబ్బ గోపాలపురము ప్రాంతమునకే తగిలినది. 2013లో ఫైలిన్ గోపాలపురమువద్ద తీరము దాటిన అక్టోబరు 12 దుర్గాష్టమి. 2018లో తిత్లీ పలాసవద్ద తీరము దాటి ఇటు గంజామును ముంచిన అక్టోబరు 11 నవరాత్రులలోని దినమే. కాలము అనిశ్చితమని వాపోవుట సులభము. కాని ఈ అనిశ్చితికి నెల మాత్రము చాలవరకు నిశ్చయమైయున్నది. ఇది తెలిసియు అరువు సరుకుతో దుకాణమును పైకప్పు దాక నింపి, దెబ్బ తగిలిన మరునాడు గుమాస్తాల జీతముల వంక చూచుట వర్తకనీతి యగునా అనునది ఇచట విచారింపవలసిన విషయము.

తుపాను హెచ్చరిక వచ్చిన దినమున క్రింది అరలలోని సరుకు మేడమీదికి చేర్చుట, లెక్కపుస్తకములు, కంప్యూటరు భద్రపరచుట, తలుపులు బిగించుట, ఇవన్నియు చేయువారు గుమాస్తాలు, కళాసీలే. ఫైలిన్ పిమ్మట బరంపురములో దినముల తరబడి కరెంటు లేదు. తడిసిన చీరలను మడత విప్పి ఆరవేసినవారును వారే. అప్పటికి వారి యిండ్ల పైకప్పులు ఏమైనవో అడిగిన యజమానులు కొందరు, అడుగనివారు కొందరు. పాత గుమాస్తాలు నేటికిని ఎవరి కొట్టులో నిలిచియున్నారో చూచినచో ఆ భేదము తెలిసిపోవును.

తుపాను కూల్చిన ఊరిని నిలబెట్టుట కళింగ జైనులకు క్రొత్త విద్య కాదు. భువనేశ్వరమువద్ద ఉదయగిరిలోని హాథీగుంఫా శాసనము అర్హంతులకు, సిద్ధులకు నమస్కారముతో ప్రారంభమగును. అందు ఖారవేల మహారాజు పాలనకు వచ్చిన మొదటి సంవత్సరమునందే గాలివానకు చెడిన కళింగనగర ద్వారములను, ప్రాకారములను, భవనములను బాగుచేయించినట్లు చెప్పబడినది. అచటనే 35 లక్షలను సంఖ్య కలదు. అది ఖర్చయిన ద్రవ్యమని కొందరు, ప్రజల సంఖ్యయని కొందరు పండితులందురు. నృత్యగీతోత్సవములు మూడవ సంవత్సరమున వచ్చును. పన్నుల మాఫీ ఆరవ సంవత్సరమున. మన వర్తకులలో కొందరు దీనిని తలక్రిందులు చేసి, ముందు ఉత్సవము, పిదప మరమ్మతు అందురు!

తుపాను కంటికి కనబడు ఆపద. కనబడనిది వేరొకటి కలదు. బరంపురపు గల్లాపెట్టెలో పడు రూపాయి అంతయు గంజాం పొలములలో పండినది కాదు. పూర్వము ఈ జిల్లా కూలీలు గోపాలపురము రేవులో ఓడలెక్కి రంగూను పోయి, అచటినుండి ఇంటికి డబ్బు పంపుచుండిరి. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించుటతో ఆ దారి మూతపడినది. నేడు ఆ స్థానమున సూరత్ కలదు. అచటి మరమగ్గములపై పనిచేయు గంజాం వారి సంఖ్య లక్షలలో చెప్పవలసినదే. సూరత్ మగ్గముపై నేసిన చీర బరంపురము వచ్చును. దానిని కొను డబ్బును ఆ మగ్గము నడపిన చేతినుండియే వచ్చును. కాన ఆ మగ్గము ఆగినచో సరుకును ఆగును, సరుకు కొనువాడును ఆగును. 2017 జూలైలో జీ.ఎస్.టీ. వచ్చినపుడు సూరత్ బట్టల వర్తకులు అంగళ్ళు మూసి సమ్మె చేసిరి. అప్పుడు సరుకు గూర్చి చింతించినవారు పెక్కుమంది. కొనుగోలుదారుని గూర్చి చింతించినవారు తక్కువ.

ఈ వార్త యజమానికి పత్రికలో తెలియుటకు ముందే గుమాస్తాకు తెలియును. అతని తమ్ముడో, బావమరదియో సూరత్‌లో ఉండును. ఈ వారము రెండు పూటలే మగ్గము తిరిగినదని ఫోనులో చెప్పును. కాని గుమాస్తా ఈ మాట యజమానితో అనడు. ఏల? అడిగినవాడు లేడు గనుక. వారమునకొకసారి దుకాణము కట్టుటకు ముందు పదినిమిషములు అందరిని కూర్చుండబెట్టి, ఏ రకము కదలుచున్నది, ఏ ఊరివారు రావడము మానిరి, ఎవరి బాకీ ఆలస్యమగుచున్నది అని అడుగు యజమానికి ఈ సమాచారము కానీ ఖర్చు లేకుండ దొరకును.

2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రభుత్వము ప్రకటించినది. చెలామణిలోని ధనములో నూటికి 86 వంతుల విలువ ఆ నోట్లదే. పెండ్లిండ్ల కాలము, కొనువారి చేతిలో చెల్లు నోటు లేదు. అట్టి సమయమున గుమాస్తాలకు ఆరు నెలల జీతము ముందుగా పాత నోట్లతో ఇచ్చుట, తమ ధనమును వారి బ్యాంకు ఖాతాలలో వేయించుట దేశమున పలుచోట్ల జరిగినది. ఇతరుల ధనమును తమ ఖాతాలో ఉంచుకొన్నవారు బినామీ చట్టము క్రిందికి వత్తురని ఆదాయపు పన్ను శాఖ హెచ్చరించినది. అనగా లాభము యజమానిది, భయము గుమాస్తాది! అస్తేయ వ్రతమునకు చెప్పిన అతిచారములలో విరుద్ధరాజ్యాతిక్రమ మొకటి కలదని శ్రావకులకు తెలియనిది కాదు. కాదనలేని సేవకునిచేత ఆ దోషము చేయించుట దానికంటె హీనము.

2020 మార్చి 25 ఉగాది. దేశమంతటను లాక్‌డౌను ఆ దినముననే మొదలయ్యెను. మే నెలలో సూరత్ నుండి ప్రత్యేక రైళ్ళు గంజాం వారిని తెచ్చి జగన్నాథపురము స్టేషనులో దింపినవి. కొద్దికాలమునకే ఒడిశాలో కరోనా మిక్కుటముగా ఉన్న జిల్లాలలో గంజాం మొదటి వరుసకు వచ్చినది. కొట్టు మూత, గల్లా ఖాళీ. జీతము లీయవలెనా వలదా?

తత్త్వార్థసూత్రము సప్తమాధ్యాయములో అహింసాణువ్రతమునకు అయిదు అతిచారములు చెప్పబడినవి. వానిలో చివరి రెండును అతిభారారోపణము, అన్నపాననిరోధము. మోయలేని బరువు మోపుట, తిండికి నీటికి అడ్డుపడుట. ఇవి ఎద్దులకు, గుఱ్ఱములకు చెప్పినవని దాటవేయువారు కలరు. నలుగురిని తీసివేసి, ఆ నలుగురి పనిని మిగిలిన నలుగురిపై వేయుట మొదటిది కాదా? ఇన్నాళ్ళు పనిచేసినవానిని జీతము లేక ఇంటికి పంపుట రెండవది కాదా? చీమకు నూక చల్లు చేయి ఈ లెక్కను తప్పించుకొనజాలదు.

డబ్బే లేనప్పుడు ఏమి చేయుటయని ప్రశ్న రావచ్చును. న్యాయమైన ప్రశ్నయే. దీనికి జవాబు ఆపదకు ముందే ఉండవలెను. ఉపాసకదశాంగములోని ఆనంద శ్రావకుడు నాలుగు కోట్లు నిధిలోను, నాలుగు కోట్లు వ్యాపారమందును, నాలుగు కోట్లు గృహసామగ్రియందును ఉంచి, అంతటితో పరిమాణ వ్రతము పట్టెను. వ్యాపారములో నున్నంత నిధిలోను ఉన్నది! అంత ఎవరికి సాధ్యము? కాని లెక్క వేసి చూడుడు. ఎనమండుగురు గుమాస్తాలున్న కొట్టులో జీతములు నెలకు లక్ష, అద్దె, కరెంటు నలుబదివేలు అనుకొందము. మూడు నెలలు మూతపడినచో 4 లక్షల 20 వేలు. సరుకు 40 లక్షలదైనచో ఇది అందులో ఇంచుమించు పదింట ఒక వంతు మాత్రమే. దసరాకు ఆర్డరు 4 లక్షల 20 వేలు తగ్గించి ఆ సొమ్ము విడిగా నుంచినవాడు మూడు నెలలు ఎవరిని తీసివేయనక్కరలేదు.

అదియు చాలనప్పుడు కోత ఎచట మొదలు కావలెననునది ముఖ్యము. మొదట యజమాని ఇంటిఖర్చు పద్దు. తరువాత క్రొత్త సరుకు. ఆపైన కొట్టులో పనిచేయు కొడుకుల, అల్లుండ్ల జీతము. అటుపిమ్మట ఎక్కువ జీతగాండ్రది, వారి సమ్మతితో, ఎంతకాలమో చెప్పి, బాకీగా పుస్తకములో వ్రాసి. తక్కువ జీతగానిది అన్నిటికంటె చివర. ధర్మము అటుంచి లాభమే చూచినను ఇదియే తెలివి. ఇరువది ఏండ్ల గుమాస్తాకు ఏ ఇంట ఎప్పుడు పెండ్లి, ఎవరికి ఎంతవరకు అరువీయవచ్చు అన్నియు తెలియును. అతనిని తీసివేసినచో ఆ ఖాతా అంతయు ఎదురుకొట్టువానికి ఊరక ఇచ్చినట్లే.

ఇక అందరికి లెక్క చూపుట. లాభము దాచుకొనువారు నష్టమును మాత్రము గుమాస్తాల ముందు పరచుదురు, వారెట్లు నమ్ముదురు? మంచి సంవత్సరమున కూడ చూపినవాని మాటకే చెడు సంవత్సరమున విలువ. దీనికి వేరే ముహూర్తము వెదుకనక్కరలేదు. భాద్రపదమున పర్యూషణము ముగిసిన పిదప దసరాకు ఇంచుమించు నెలరోజుల వ్యవధి ఉండును. బంధువులకు, బేరగాండ్రకు మిచ్ఛామి దుక్కడం చెప్పి వచ్చిన యజమాని ఆ మరునాడు కొట్టులో గుమాస్తాలకును చెప్పి, ఆ కూర్చుండుటలోనే విడిగా నుంచిన సొమ్ము ఎంతయో, మూతపడినచో ఎన్ని నెలలకు సరిపోవునో చెప్పి, వారి మాట విన్న పిమ్మట సూరత్‌కు దసరా ఆర్డరు పంపవలెను.