బీజగణితం మొదలుపెట్టేటప్పుడు

మన హాస్టల్ వార్షికోత్సవ సందర్భంగా తమ్ముళ్ళకూ, స్టడీ అవర్‌లో వాళ్ళకు లెక్కలు చెప్పే సీనియర్లకూ నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పదలిచాను.

కూడికలు, తీసివేతలు, భిన్నాలు బాగా చేసే విద్యార్థి కూడా బీజగణితం రాగానే ఆగిపోవడం మనం చూస్తుంటాం. "అంకెల మధ్య ఈ అక్షరం ఎందుకు?" అన్నదే వాడి మొదటి సందేహం. అది అప్పుడే తీరకపోతే పదో తరగతిలో కూడా ఆ భయం వెంటాడుతుంది.

మొదటి విషయం: అక్షరం అంటే వస్తువు కాదు, సంఖ్య. ఎక్స్ అనే రాయాలని నియమం లేదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశికి 'యావత్తావత్' అనే మాటలోని మొదటి అక్షరం 'యా' వాడాడు. ఎక్స్ వాడకం 1637లో డెకార్ట్ పుస్తకంతో వచ్చింది. మనం 'క' అనుకుందాం. పెన్ను ఖరీదు క రూపాయలైతే 5 పెన్నుల ఖరీదు 5క రూపాయలు. 'క' అంటే పెన్ను కాదు, దాని ఖరీదు. క విలువ 3 అయితే 5క అంటే 53 అని కొందరు రాస్తారు. మధ్యలో గుణకారం ఉందని చెప్పాలి. 5 × 3 = 15.

రెండోది సమానం గుర్తు. బోర్డు మీద 8 + 4 = □ + 5 అని రాసి గడిలో ఎంత ఉండాలో అడగండి. చాలామంది 12 అంటారు. సమానం అంటే "ఇక జవాబు రాయాలి" అని వాళ్ళ ఉద్దేశం. త్రాసులో రెండు పళ్ళేలు సరితూగినట్టు రెండు వైపులా విలువ ఒకటే అని దాని అర్థం. కనుక గడిలో 7 ఉండాలి.

మూడోది పక్షాంతరం. "అటు పోతే ప్లస్ మైనస్ అవుతుంది" అని బట్టీ పట్టించకండి. రెండు ఖాళీ అగ్గిపెట్టెల్లో నాలుగేసి చింతగింజలు వేసి మూయండి. పక్కన విడిగా 3 గింజలు పెట్టండి. "మొత్తం 11 గింజలు. రెండు పెట్టెల్లోనూ సమానంగా ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఎన్ని?" అని అడగండి. విడి గింజలు తీసేస్తే 8, అందులో సగం 4 అని వాళ్ళే చెప్తారు. అప్పుడు రాయించండి.

2క + 3 = 11
రెండు వైపులా 3 తీసేస్తే, 2క = 8
రెండు వైపులా 2తో భాగిస్తే, క = 4

నాలుగోది సరిచూడటం. 'క' ఉన్నచోట 4 వేస్తే 2 × 4 + 3 = 11. సరిపోయింది. టైము లేదని ఈ మెట్టు వదిలేయకండి. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదట. ఇంటికెళ్తే లెక్క తప్పో ఒప్పో చెప్పేవాళ్ళు ఉండేవారు కాదు. మనలో చాలామందిది ఇదే పరిస్థితి. కానీ సమీకరణంలో జవాబు వేసి చూసుకుంటే తప్పో ఒప్పో అదే చెప్తుంది. ఎవరినీ అడగనక్కర్లేదు. బీజగణితం మనకిచ్చే ధైర్యం అదే.

సీనియర్లు ఒక్కొక్కరూ ఒక్క ఏడో తరగతి తమ్ముణ్ణి తీసుకుని రోజూ ఇరవై నిమిషాలు కూర్చోండి. పూర్వ విద్యార్థులు వచ్చినప్పుడు ఒక గంట బోర్డు దగ్గర నిలబడండి. లెక్కలు రావని మన హాస్టల్లో ఏ ఒక్కడూ చదువు మానకూడదు.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.