వ్యసనం – ఉద్వేగం: ప్రొఫెసర్ మార్లట్ పరిశోధనలపై ఒక పరిశీలన

మానినవాడు మళ్ళీ ఎందుకు మొదలుపెడతాడు? ఈ ప్రశ్నకు మన ఇళ్ళలో సిద్ధంగా ఉన్న జవాబు ఒక్కటే: "వాడి బుద్ధే అంత. కుక్కతోక వంకర." మనోవిజ్ఞాన శాస్త్ర విద్యార్థిగా నేను చదివిన వాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది, ఈ జవాబును ప్రయోగశాలలో పెట్టి పరీక్షించిన ఒక శాస్త్రజ్ఞుడి కృషి. దాని సారాన్ని మన సంచిక పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆయన పేరు ఆలన్ మార్లట్ (1941–2011). పుట్టింది కెనడాలోని వాంకూవర్‌లో. అమెరికాలో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సుమారు నాలుగు దశాబ్దాలు ప్రొఫెసర్‌గా పనిచేశారు. తాగేవాళ్ళను ఆస్పత్రి మంచం మీద చూస్తే నిజం తెలియదని, సైకాలజీ డిపార్ట్‌మెంటు భవనంలోనే అచ్చం బారులాంటి గది ఒకటి ఏర్పాటు చేయించారు. కౌంటరు, మసక దీపాలు, సీసాలు అన్నీ ఉన్న ప్రయోగశాల అది!

సీసాలో ఏముంది?

"ఒక్క చుక్క లోపలికి పోతే చాలు, ఇక వాడు ఆగలేడు" అన్నది అప్పట్లో డాక్టర్లు కూడా నమ్మిన మాట. 1973లో మార్లట్, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగం ఈ నమ్మకాన్నే పరీక్షించింది. వ్యసనపరులు 32 మంది, సరదాకు తాగేవాళ్ళు 32 మంది అందులో పాల్గొన్నారు. టానిక్ నీళ్ళలో వోడ్కా కలిపితే రుచిని బట్టి కనిపెట్టడం కష్టం. కొందరికి వోడ్కా ఇస్తున్నామని చెప్పి వోడ్కాయే ఇచ్చారు. కొందరికి వోడ్కా అని చెప్పి ఉత్త టానిక్ ఇచ్చారు. కొందరికి టానిక్ అని చెప్పి వోడ్కా కలిపి ఇచ్చారు. మిగిలినవారికి టానిక్ అనే చెప్పి టానిక్కే ఇచ్చారు. రుచి చూసి మార్కులు వేయండి, ఎంతైనా తాగవచ్చు అన్నారు.

ఫలితం ఏమిటంటే, ఎక్కువ తాగినవాళ్ళు లోపల మద్యం ఉన్నవాళ్ళు కాదు, మద్యం తాగుతున్నామని నమ్మినవాళ్ళు. వ్యసనపరుల విషయంలోనూ అంతే. అనగా గ్లాసులోని పదార్థం ఎంత పని చేస్తుందో, దాని గురించి మనసులో ఉన్న నమ్మకం కూడా అంత పని చేస్తుంది. మద్యానికి శక్తి లేదని దీని అర్థం కాదు సుమా! శరీరం అలవాటు పడటం, మానినప్పుడు వణుకు రావడం కల్ల కాదు. కానీ కథ మొత్తం సీసాలో లేదని మాత్రం రుజువైంది.

దుత్త మీద కోపం

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు అంటారు మన పెద్దవాళ్ళు. 1975లో మార్లట్ బృందం చేసిన మరో ప్రయోగం ఈ సామెతకు వ్యాఖ్యానంలా ఉంటుంది. కాస్త ఎక్కువే తాగే అలవాటున్న 60 మంది స్త్రీ పురుషులను మూడు జట్లుగా చేశారు. రెండు జట్లవారికి ఒక మేధాపరీక్ష ఇచ్చి, వారు చేస్తుండగా పక్కనున్న మనిషి చేత (ఆ మనిషి పరిశోధకుల తరఫువాడే) తెలివితక్కువవాళ్ళన్నట్లు విమర్శింపజేశారు. ఆ రెండింటిలో ఒక జట్టుకు అతనికి ఎదురుదెబ్బ తీసే అవకాశం ఇచ్చారు, రెండో జట్టుకు ఇవ్వలేదు. ఆ తరువాత అందరినీ ద్రాక్షసారా రుచి చూడమన్నారు.

కోపం తీర్చుకోగలిగినవాళ్ళు తక్కువ తాగారు. అవమానాన్ని దిగమింగుకున్నవాళ్ళు ఎక్కువ తాగారు. ఇందులో తిరగబడి కొట్టమన్న ఉపదేశం ఏమీ లేదు. వచ్చిన ఉద్వేగానికి ఏదో ఒక దారి ఉండాలి, వేరే దారి లేనప్పుడు గ్లాసే దారి అవుతుంది. నాకు అర్థమైన నీతి అంతే.

జారిన చోట ఏం జరిగింది?

ఈ దృష్టితోనే మార్లట్ బృందం తాగుడు, సిగరెట్లు, హెరాయిన్, జూదం, తిండియావ మానుకుని మళ్ళీ మొదలుపెట్టినవారిని ప్రశ్నించింది. "ఎందుకు తాగావు?" అని కాదు, "మొదటిసారి జారడానికి కాస్త ముందు ఏం జరిగింది?" అని. 1980లో వెలువడిన లెక్క ప్రకారం 311 సంఘటనల్లో 35 శాతం దిగులు, విసుగు, కోపం, ఒంటరితనం వంటి బాధాకరమైన ఉద్వేగాల నుంచి వచ్చాయి. 16 శాతం ఇంట్లోనో ఆఫీసులోనో గొడవపడ్డాక వచ్చాయి. 20 శాతం "ఒక్క గుక్కేరా, ఏం కాదు" అనే స్నేహితుల ఒత్తిడి వల్ల వచ్చాయి. అంటే నూటికి డెబ్బై పాళ్ళు ఈ మూడే!

ఈ వర్గీకరణ లోపం లేనిదని చెప్పను. 1996లో ఇతర పరిశోధకులు తిరిగి పరీక్షించినప్పుడు, ఏ సంఘటనను ఏ గడిలో వేయాలన్న దానిపై అన్నిచోట్లా ఏకాభిప్రాయం కుదరలేదు. అయినా ప్రశ్నను మార్చిన ఘనత మార్లట్‌దే.

ఇంతకన్నా ముఖ్యమైనది జారిన తరువాత జరిగేది. మా బంధువులలో ఒకాయన పదకొండు నెలలు చుక్క ముట్టకుండా ఉండి, ఒక పెళ్ళిలో ఒక గ్లాసు పుచ్చుకున్నాడు. మర్నాటి నుంచి ఇల్లంతా ఆయన్ను చూసిన చూపు వేరు. వారం తిరగకుండా మళ్ళీ పాత లెక్కకు వచ్చేశాడు. పదకొండు నెలల సంగతి ఎవరికీ గుర్తులేదు, ఆయనకూ గుర్తులేదు. "నేనింతే, నావల్ల కాదు" అనేశాడు. మార్లట్ సరిగ్గా ఈ మాట దగ్గరే ఆగి చూశారు. ఒక్క గ్లాసు తప్పటడుగు మాత్రమే. దాన్ని పతనంగా మార్చేది ఆ వెంటనే ముంచుకొచ్చే సిగ్గు, "నా స్వభావమే చెడ్డది" అనే తీర్పు. ఆ సిగ్గు కూడా ఒక బాధాకరమైన ఉద్వేగమే కదా! దాన్ని మరిచిపోవడానికి రెండో గ్లాసు, రెండోది మరవడానికి మూడోది. ఇంట్లోవాళ్ళ చీదరింపు ఈ చక్రానికి నూనె పోస్తుంది.

కెరటం వచ్చినప్పుడు

సరే, కోరిక లేచినప్పుడు ఏం చెయ్యాలి? అణచిపెట్టమంటాం మనం. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మరో శాస్త్రజ్ఞుడు కొందరు విద్యార్థులను తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని కోరాడు. వాళ్ళకు అదే పదే పదే తలపుకొచ్చింది. తరువాత ఆలోచించవచ్చని అనుమతిస్తే, మొదటి నుంచీ అనుమతి ఉన్నవాళ్ళకంటే ఎక్కువగా వచ్చింది! వద్దనుకోవడమే తలచుకోవడం అవుతుందన్నమాట.

మార్లట్ చెప్పిన ఉపాయం వేరు. కోరిక కెరటం లాంటిది. లేస్తుంది, శిఖరానికి చేరుతుంది, దానంతటదే విరిగిపోతుంది. దానితో కుస్తీ పట్టకుండా, దానికి లొంగకుండా, ఒంట్లో ఎక్కడ తెలుస్తున్నదో, గొంతులోనో గుండెలోనో, ఊపిరిని గమనిస్తూ చూడమన్నారు. మార్లట్ స్వయంగా ధ్యానం అభ్యసించినవారు. గోయెంకా గారి సంప్రదాయంలోని విపశ్యన శిబిరాలను సియాటిల్ ప్రాంతపు ఒక జైలులో నిర్వహించినప్పుడు ఆయన బృందం ఫలితాలను పరిశీలించింది. శిబిరంలో పాల్గొన్న ఖైదీలు విడుదలైన మూడు నెలల తరువాత మద్యం, మత్తు పదార్థాలు తక్కువగా వాడుతున్నారని 2006లో ప్రకటించారు. అయితే వాళ్ళు తమంతట తాము ముందుకొచ్చినవాళ్ళు, కాబట్టి దీన్ని పూర్తి రుజువు అనలేం. ఆ లోటు తీర్చడానికి 286 మందిని చీటీలు వేసినట్లుగా మూడు చికిత్సలకు పంచి, ఆయన శిష్యులు, సహచరులు చేసిన పరిశోధన 2014లో వెలువడింది. ఏడాది తరువాత చూస్తే ధ్యానంతో కూడిన శిక్షణ పొందినవారు మత్తులో గడిపిన రోజులు మిగతావారికంటే తక్కువ. అది చూడడానికి మార్లట్ అప్పటికి లేరు.

మనకు సంబంధించినంతవరకు

ఇదంతా సియాటిల్ కథ కదా అనుకోవద్దు. రిజల్ట్స్ వచ్చిన రాత్రి ఏ హాస్టల్‌లోనైనా పాసైనవాడి గదిలోనూ, తప్పినవాడి గదిలోనూ సీసా ఒకటే, లోపలి బాధ వేరు. తప్పినవాడి పక్కన ఎవరైనా కూర్చుంటే చాలు, ఆ రాత్రి వేరేగా గడవవచ్చు. మానుకున్న మిత్రుడు ఒకనాడు జారితే "చెప్పానా!" అనకండి. "నిన్న సాయంత్రం ఏం జరిగిందిరా?" అని అడగండి. అతను మానుకున్న రోజుల్ని అతనికి గుర్తుచేయండి.

ఒక్క హెచ్చరిక చేసి ముగిస్తాను. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవారు హఠాత్తుగా మానేస్తే ఫిట్స్, సన్నిపాతం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అక్కడ ధ్యానం చాలదు, డాక్టరు కావాలి. మనసు విప్పి మాట్లాడాలనుకున్నవారికి 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ ఉంది. నంబరు 14416, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ పేజీ చింపుకున్నా సరే, ఆ నంబరు మాత్రం దగ్గర ఉంచుకోండి.